పాత మారుతి 800: హైవేలో చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే కాగిపోతోంది. హెడ్ విప్పించాలా?

గుంటూరు_800
మా నాన్నగారి మారుతి 800తో తల ప్రాణం తోకకొస్తోంది. 2003 మోడల్, ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ చూసుకునే రకం), ఏసీ బండి. హైవే మీద ఎనభైలో పోతుంటే టెంపరేచర్ ముల్లు కింద సి దగ్గరే పడుకుని ఉంటుంది. ఊళ్ళోకొచ్చి లాడ్జి సెంటర్లో ఆగితే లేవడం మొదలు. కాజ టోల్‌గేటు దగ్గర క్యూ ఉంటే చాలు, హెచ్ దాకా పోతుంది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా. రెండు మూడు సార్లు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి నీళ్ళు పొంగి రోడ్డు మీద పడ్డాయి.

ఇప్పటిదాకా చేయించినవి: రేడియేటర్ కొత్తది వేశారు. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) "మన ఎండలకి అక్కర్లేదు" అని తీసేశారు. కూలెంట్ మార్చారు, మళ్ళీ మార్చారు. ఫ్యాన్ తిరుగుతోంది, నేను కళ్ళారా చూశాను. దాని మోటారు పోతే పోయిన కార్తీక మాసంలోనే మార్పించాం. ఇప్పుడు షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం, అంటే హెడ్, కింద సీలులా ఉండే పొర) పోయిందంటున్నారు. హెడ్ దించి, ఫేసింగ్ (అడుగు చదును) చేయించి ఎక్కించడానికి పద్నాలుగు వేలట. పైగా మైలేజీ కూడా బాగా పడిపోయింది.

అమ్మానాన్నల్ని ఇదే బండిలో తిరుపతి తీసుకెళ్ళాలని ఉంది. నాన్నగారు ఈ బండిని అమ్మనివ్వరు, వేరే బండిలో కొండకి రారు. హెడ్ విప్పించమంటారా?

జెన్_98_నెల్లూరు
విప్పించేయండి. నాకూ ఇవే లక్షణాలు. రేడియేటర్, వాటర్ బాడీ (నీళ్ళు తిప్పే పంపు), హోస్ పైపులు అన్నీ మార్చాక చివరికి తేలింది హెడ్ గ్యాస్కెట్టే. డబ్బాలోంచి నీళ్ళు పొంగుతున్నాయంటే అదే. ఆలస్యం చేస్తే హెడ్ వంగిపోయి ఇంకా ఖర్చు.

కొత్త_డ్రైవర్
కూలెంట్ ఎందుకు, మామూలు నీళ్ళు పోయండి. మా తాతగారి అంబాసిడర్ జీవితమంతా నీళ్ళతోనే నడిచింది.

ఆటోనగర్_బాషా
ఆగండాగండి. హెడ్ మీద చెయ్యి వేసేముందు అడగాల్సినవి ఉన్నాయి. బెజవాడ ఆటోనగర్లో నా వయసంతా ఇంజన్లు విప్పడంతోనే గడిచింది. "నీళ్ళు కాగుతున్నాయి" అని వచ్చిన బండికి మొదటి ప్రశ్న ఒకటే: ఎప్పుడు కాగుతోంది? ఆగినప్పుడా, పరిగెత్తేటప్పుడా?

ఆగినప్పుడు కాగి, రోడ్డెక్కగానే చల్లబడితే గాలి సమస్య. ఫ్యాను, ఫ్యాన్ స్విచ్చి, రేడియేటర్ ముందు పేరుకున్న మట్టి, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్ప ఊడిపోవడం, ఇవి చూడాలి. పరిగెత్తేటప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు కాగితే నీళ్ళ సమస్య. రేడియేటర్ లోపల పూడుకుపోవడం, వాటర్ బాడీ రెక్కలు తినేయడం, కింది హోస్ పీల్చుకుపోవడం, బెల్టు జారడం. హెడ్ గ్యాస్కెట్ కూడా సాధారణంగా లోడు పడినప్పుడే ముందు బయటపడుతుంది, ఎందుకంటే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేది అప్పుడే కాబట్టి.

మీ బండి ఎనభైలో చల్లగా ఉంటోందంటున్నారు. నా అనుమానం హెడ్ మీద లేదు.

జెన్_98_నెల్లూరు
బాషా భాయ్, నాది కూడా ట్రాఫిక్‌లోనే ఎక్కువ కాగేది. అన్నీ మీరు చెప్పినట్టు గళ్ళు గీసినట్టు ఉండవు.

ఆటోనగర్_బాషా
నిజమే, ఉండవు. అందుకే విప్పకుండా చూసే పద్ధతులు చెప్తాను. పైసా ఖర్చు లేదు.

పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యండి. మొదట్లో ఒకటో రెండో బుడగలు వస్తే అది లోపల చిక్కుకున్న గాలి, పట్టించుకోవద్దు. ఆగకుండా బుడబుడమని వస్తూనే ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువైతే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్ళలోకి వస్తున్నట్టు.

ఇంకో రోజు మూత పెట్టి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషంలో పై హోస్ పైపు నొక్కి చూడండి. నీళ్ళు ఇంకా వేడెక్కనే లేదు, పైపు మాత్రం రాయిలా బిగిసిపోతే గ్యాస్కెట్ అనుమానమే.

ఆయిల్ గేజి లాగి చూడండి, ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. మూత కింద కాస్త మీగడలాంటిది మాత్రమే ఉంటే కంగారు పడొద్దు, చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి తేమ వల్ల కూడా వస్తుంది. చివరికి మూడు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. రెండు గోధుమ రంగులో ఉండి ఒకటే కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్ళు పోతున్నాయి, ఆవిరి దాన్ని కడిగేస్తోంది.

పాలిటెక్నిక్_మాస్టారు
బాషా గారి జాబితాకి ఒక హెచ్చరిక. మూత తీసే పరీక్షలన్నీ చల్లటి ఇంజన్ మీదే. వేడి మీద మూత ఎప్పుడూ తియ్యకూడదు. మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. 0.9 కేజీ ఒత్తిడి దాకా ఆపే మూతతో మామూలు నీళ్ళు కూడా దాదాపు 118 దాకా ద్రవంగానే ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారి మరిగి ముఖం మీదికి లేస్తాయి. మా వర్క్‌షాపులో ఈ మాట చెప్పకుండా ఏ బ్యాచ్‌నీ బానెట్ దగ్గరికి రానివ్వను.

కొత్త_డ్రైవర్ అడిగిన నీళ్ళ సంగతి. వేడిని మోసుకెళ్ళడంలో మామూలు నీళ్ళే కూలెంట్ కంటే మెరుగు. ఆ మాట ఒప్పుకోవాలి. అంబాసిడర్ మందపాటి పోత ఇనుము ఇంజను, ఇత్తడి రేడియేటర్‌తో లాగించేసింది. అల్యూమినియం హెడ్డూ అల్యూమినియం రేడియేటరూ ఉన్న బండిలో వట్టి నీళ్ళు పోస్తే లోపల తినేస్తుంది. కూలెంట్‌లో ఉండే రసాయనాలు ఆ తుప్పు ఆపుతాయి, వాటర్ పంపు సీలు ఎండిపోకుండా చూస్తాయి, మరిగే స్థాయిని కూడా పెంచుతాయి. సగం సగం కలిపితే మూత లేకుండానే 106 దగ్గర మరుగుతుంది. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే చలి లేదు గనక మూడో వంతు కూలెంట్ కలిపినా సరిపోతుంది. కలిపే నీళ్ళు మాత్రం బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ అయ్యుండాలి.

పద్మ_ఖమ్మం
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఆల్టోకి ముందు ఓనరు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశారు. రేడియేటర్ పై ట్యాంకు విప్పితే ట్యూబుల నోళ్ళ దగ్గర గీజర్ కాయిల్‌కి పట్టినట్టు తెల్లటి గార, చిటికెన వేలి గోరుతో గీస్తే పెచ్చులుగా ఊడింది. సగం ట్యూబుల్లో వెలుతురే కనపడలేదు. మా వైపు బోర్లు ఎంత ఉప్పో అందరికీ తెలిసిందే. దయచేసి ఎవరూ బోరు నీళ్ళు పోయకండి.

లారీ_కాకినాడ
లీకు ఉంటే గుప్పెడు పసుపు వెయ్యండి. లైన్ మీద మేమంతా అదే చేసేవాళ్ళం. పిన్ను అంత చిల్లు ఇట్టే మూసుకుపోద్ది.

పాలిటెక్నిక్_మాస్టారు
లారీ_కాకినాడ గారూ, అడవి మధ్యలో ఆగిపోయిన లారీని ఊరు చేర్చడానికి అది పనికొచ్చేది, కాదనను. కానీ చిల్లుని మూసే పసుపే రేడియేటర్ సన్నటి ట్యూబుల్నీ హీటర్ కోర్‌నీ మూస్తుంది. చిన్న కారుకి వెయ్యకూడదు. వేస్తే ఊరు చేరిన రోజే మొత్తం కడిగించాలి. ఇక్కడ మన గుంటూరు తమ్ముడికి లీకు లేదు కూడా.

గుంటూరు_800
పొద్దున్న బాషా గారు చెప్పినవన్నీ చేశాను. బుడగలు మొదట్లో కొన్ని వచ్చి ఆగిపోయాయి. హోస్ పైపు మెత్తగానే ఉంది. ఆయిల్ నల్లగా ఉంది గానీ పాల రంగు లేదు. ప్లగ్గులు మూడూ ఒకే రంగు, కాకపోతే కాస్త మసి పట్టి నల్లగా ఉన్నాయి.

ఇంకోటి గమనించాను. రాత్రి పార్క్ చేసి పొద్దున్న చూస్తే పై హోస్ పైపు మధ్యలో నొక్కుకుపోయి చప్పిడిగా ఉంది. మూత తియ్యగానే 'స్‌స్' అని గాలి పీల్చుకుని మామూలైంది. డబ్బాలో నీళ్ళు మాత్రం నిండుగా అలాగే ఉన్నాయి.

ఆటోనగర్_బాషా
హెడ్ జోలికి వెళ్ళకండి. ఆ పద్నాలుగు వేలు జేబులోనే ఉంచండి.

హోస్ చప్పిడి అయిందంటే మూత పనిచెయ్యడం లేదు. రేడియేటర్ మూతలో రెండు వాల్వులు ఉంటాయి. పెద్దది ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుని నీళ్ళని డబ్బాలోకి పంపిస్తుంది. మధ్యలో గుండీ అంత చిన్నది ఒకటి ఉంటుంది, ఇంజన్ చల్లారినప్పుడు అది కిందికి తెరుచుకుని డబ్బాలో నీళ్ళని వెనక్కి పీల్చుకోవాలి. మీది అంటుకుపోయింది. నీళ్ళు బయటికి పోతాయి, తిరిగి రావు. ప్రతిసారీ రేడియేటర్లో కొంత తగ్గుతుంది. మీద గాలి చేరుతుంది. మూత మార్చండి, మీ పాత మూత మీద 0.9 అని ఉంటే కొత్తదాని మీదా అదే ఉండాలి. "ఎక్కువ ప్రెషర్ది బలం" అని 1.1 పెట్టించుకోవద్దు.

అయితే మూత ఒక్కటే ట్రాఫిక్‌లో ఇంత వేడి పుట్టించదు. మూల కారణం ఇంకోటి ఉంది.

డల్లాస్_తెలుగోడు
మూత గురించి బాషా గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడ నాది 2001 క్యామ్రీ. స్పేర్ పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే ప్రెషర్ టెస్టర్ ఇంటికిస్తారు, పంపు కొట్టి అలా వదిలేస్తే ముల్లు పడిపోతోందా లేదా చూడొచ్చు. ఎక్కడో లీకు ఉంటే తడి కనపడుతుంది. మూతని కూడా దాంతోనే పరీక్షించొచ్చు. మన దగ్గర మంచి రేడియేటర్ షాపుల్లో కూడా ఈ టెస్టర్ ఉంటుంది, అడగండి.

ట్రాఫిక్‌లో ముల్లు లేస్తుంటే తక్షణం చేయాల్సింది: ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని లోపలికి లాగేస్తుంది. ఆగస్టులో ఇక్కడ 40 డిగ్రీల ఎండలో హీటర్ వేసుకుని ఇల్లు చేరాను. చెమటతో స్నానం అయింది గానీ ఇంజన్ బతికింది.

కొత్త_డ్రైవర్
మరి థర్మోస్టాట్ తీసేస్తే నీళ్ళు మరీ వేగంగా తిరిగి రేడియేటర్లో చల్లబడే టైమ్ ఉండదంటారు కదా? అదే కారణమేమో.

పాలిటెక్నిక్_మాస్టారు
ఈ మాట చాలా షెడ్డుల్లో వింటాను, కానీ అది తప్పు. నీళ్ళు వేగంగా తిరిగితే రేడియేటర్లో తక్కువసేపు ఉంటాయి, నిజమే. ఇంజన్లో కూడా తక్కువసేపే ఉంటాయి. పైగా ఎక్కువసార్లు తిరుగుతాయి. మొత్తం మీద వేడి తక్కువ పోవడం ఉండదు.

థర్మోస్టాట్ తియ్యకూడదనడానికి కారణాలు వేరే. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే ఆ పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్లోకి పోతుంది. రెండోది, ఎంపీఎఫ్ఐ బండికి నీళ్ళ వేడి చెప్పే సెన్సర్ ఉంటుంది. హైవేలో ముల్లు సి దగ్గరే ఉంటోందన్నారు చూడండి, దానర్థం ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కట్లేదని. కంప్యూటర్ "ఇంకా చల్లగానే ఉంది" అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. మీ ప్లగ్గుల మసికి, పడిపోయిన మైలేజీకి కారణం అదే అయ్యుంటుంది. చల్లటి ఇంజన్లో పిస్టన్లూ రింగులూ కూడా తొందరగా అరుగుతాయి.

కొత్త థర్మోస్టాట్ కొని ఇంట్లోనే పరీక్షించండి. గిన్నెలో నీళ్ళు పెట్టి, దారంతో వేలాడదీసి, అడుగుకి తగలకుండా మునగనివ్వండి. పక్కన వంట థర్మామీటర్ పెట్టండి. దాని మీద 82 అని ఉంటే ఆ దగ్గర్లో సన్నగా తెరుచుకోవడం మొదలై, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు అంచు మీద కదిలే చిన్న పిన్ను ఉంటుంది, అది పైకి ఉండేలా పెట్టాలి. గాలి బయటికి పోయేది అక్కడినుంచే.

పద్మ_ఖమ్మం
గుంటూరు_800 గారూ, మొదటి పోస్టు మళ్ళీ చదివాను. ఫ్యాన్ మోటారు కార్తీకంలో మార్చామన్నారు. ఈ కాగడం దానికి ముందు నుంచీ ఉందా, తర్వాత మొదలైందా?

గుంటూరు_800
ముందు ఫ్యాన్ అసలు తిరగక ఒకసారి కాగింది. అందుకే మోటారు మార్పించాం. చలికాలమంతా బాగానే ఉంది. శివరాత్రి వెళ్ళాక మళ్ళీ మొదలైంది. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి అది కాదని అందరూ వదిలేశారు, రేడియేటర్ మీద పడ్డారు.

పద్మ_ఖమ్మం
కొత్త మోటారు కంపెనీదా, లోకల్‌దా? కప్లర్ (వైర్ల ప్లగ్గు) సరిపోయిందా, వైర్లు కోసి కలిపారా?

గుంటూరు_800
సెకండ్ హ్యాండ్ మోటారు. వైర్లు కోసి కలిపినట్టే గుర్తు. టేపు చుట్టి ఉంది.

పద్మ_ఖమ్మం
ఫ్యాన్ తిరుగుతోందా అని కాదు, ఎటు తిరుగుతోందో చూడండి.

ఇది డీసీ మోటారు. రెండు వైర్లు అటూ ఇటూ మారితే ఉల్టా తిరుగుతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, చప్పుడు కూడా వస్తుంది. గాలి మాత్రం బయటినుంచి లోపలికి రాదు. ఇంజన్ వేడిని రేడియేటర్ మీదికే తోస్తుంది. రెక్కల వంపు ఒక వైపుకే చేసి ఉంటుంది కాబట్టి ఉల్టా తిరిగితే తోసే గాలి కూడా అంతంత మాత్రమే. హైవే మీద ఎదురుగాలి సరిపోతుంది, ఫ్యాన్ అవసరమే పడదు, అందుకే మీకు అక్కడ తేడా తెలియట్లేదు.

పరీక్ష సులువు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు బండి ముందు నిలబడి గ్రిల్ దగ్గర ఒక టిష్యూ కాగితం పట్టుకోండి. అతుక్కుంటే సరైన దారి. మీ వైపు ఎగిరితే ఉల్టా. చెయ్యి, చున్నీ, పైట ఏదీ ఫ్యాన్ దగ్గరికి రానివ్వకండి. బండి ఆపేసినా ఫ్యాన్ తిరిగే మోడళ్ళు ఉన్నాయి.

ఆటోనగర్_బాషా
శభాష్ అమ్మా! ఈ ప్రశ్న షెడ్డులో అడిగి ఉండాల్సింది.

జెన్_98_నెల్లూరు
అది అయ్యుండొచ్చు. కానీ ఇన్నిసార్లు హెచ్ దాకా వెళ్ళిన అల్యూమినియం హెడ్ వంగకుండా ఉంటుందని గ్యారంటీ ఏంటి? నా జెన్‌లో మొదట పోయింది ఫ్యాన్ స్విచ్చే. దాని వల్ల కాగి కాగి తర్వాత గ్యాస్కెట్ పోయింది. మూలం చిన్నదే, పర్యవసానం పెద్దది.

ఆటోనగర్_బాషా
నెల్లూరు తమ్ముడి మాటలో న్యాయం ఉంది. హెడ్ వంపుకి మేము ఒప్పుకునేది 0.05 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ వంగితే లేత్ వర్క్స్‌లో ఫేస్ కొట్టించాల్సిందే. కానీ ఆ కొలత తియ్యాలంటే హెడ్ విప్పాలి. విప్పితే కొత్త గ్యాస్కెట్, బోల్టులు మధ్యలోంచి బయటికి వరసగా టార్క్ రెంచితో బిగించడం, ఇదంతా నమ్మకమైన చేతిలో జరగాలి. బుడగలు లేవు, ఆయిల్ బాగుంది, ప్లగ్గులు ఒకటే రంగు. ముందు ఫ్యాన్ సరిచేసి, మూత మార్చి, థర్మోస్టాట్ పెట్టి నడపండి. అప్పటికీ నీళ్ళు తగ్గుతుంటే కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించండి. మంచిగా ఉన్న హెడ్‌ని విప్పడం కూడా నష్టమే.

గుంటూరు_800
కాగితం ఎగిరి నా షర్టుకి తగిలింది!! నాన్నగారు పక్కనే ఉన్నారు. ఆయన నమ్మక అగరుబత్తి వెలిగించి గ్రిల్ ముందు పట్టుకున్నారు. పొగ కూడా మా వైపే వచ్చింది.

పద్మ_ఖమ్మం
నాన్నగారి అగరుబత్తి నా టిష్యూ కంటే మంచి పరీక్ష.

డల్లాస్_తెలుగోడు
ఒక రేడియేటర్ కొత్తది వేశారు, కూలెంట్ రెండుసార్లు, థర్మోస్టాట్ తీసేశారు, హెడ్‌కి కూడా ముహూర్తం పెట్టారు. కాగితం ముక్కతో తేలింది. ఈ థ్రెడ్ దాచుకుంటున్నా.

గుంటూరు_800
ఎలక్ట్రీషియన్‌ని ఇంటికి పిలిపించాం. టేపు విప్పితే లోపల జిగురు కరిగి నల్లగా బంకలా సాగింది. మోటారు నుంచి వచ్చే వైర్లు రెండూ నలుపే, ఒకదాని మీద సన్నటి తెల్ల గీత, మట్టి పట్టి కనపడకుండా పోయింది. గుడ్డతో తుడిస్తేనే తెలిసింది. మార్చి, ఈసారి సోల్డర్ చేసి స్లీవ్ తొడిగారు. ఫ్యాన్ ఆన్ చేస్తే కాగితం గ్రిల్‌కి టపీమని అతుక్కుంది. ఇంజన్ వెనక నిలబడితే వేడి గాలి మొహానికి కొడుతోంది. అంత గాలి రావాలని నాకు అసలు తెలియదు.

మూత మార్చాం, 0.9 దే. థర్మోస్టాట్ మాస్టారు చెప్పినట్టు గిన్నెలో చూసి పెట్టించాం. గాలి తియ్యడం ఎలాగో చెప్పండి.

ఆటోనగర్_బాషా
బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా ర్యాంపు మీద గానీ ఎత్తు రోడ్డు మీద గానీ నిలపండి. ఇంజన్ చల్లగా ఉండగా మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. నీళ్ళు తగ్గుతుంటే పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే ఒక్కసారి మట్టం పడిపోతుంది, కంగారు పడకుండా మళ్ళీ నింపండి. పై హోస్‌ని మెల్లగా పిసికితే మిగిలిన బుడగలు వస్తాయి. బుడగలు ఆగాక మూత బిగించండి. డబ్బాలో ఫుల్ గీత దాకా పోయండి, ఆ పైన వద్దు. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఒకసారి చూడండి.

పాలిటెక్నిక్_మాస్టారు
తీసిన పాత కూలెంట్ కాలవలో, పెరట్లో పారబోయకండి. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ దూడలూ నాకుతాయి. అది విషం, మూత్రపిండాలు పోతాయి. డబ్బాలో మూతపెట్టి షెడ్డుకి ఇచ్చేయండి. అలాగే పచ్చది, ఎర్రది కలపకండి. రంగు చూసి ఒకటే అనుకోవడానికి లేదు, డబ్బా మీద రాసింది చదవాలి. రకాలు కలిస్తే తుప్పు ఆపే గుణం తగ్గిపోతుంది, కొన్నిసార్లు లోపల జిగటగా తయారవుతుంది.

గుంటూరు_800
మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి లాడ్జి సెంటర్లో కావాలని ట్రాఫిక్ ఉన్నప్పుడు తిప్పాను. ముల్లు సగానికి కొంచెం కింద నిలబడింది. ఫ్యాన్ వస్తోంది, కాసేపు తిరిగి ఆగుతోంది. హైవేలో కూడా ఇప్పుడు సి దగ్గర పడిపోవట్లేదు, అక్కడే కదలకుండా ఉంటోంది. పొద్దున్న హోస్ గుండ్రంగా ఉంది. అందరికీ నమస్కారాలు. పద్మక్కా, తిరుపతి లడ్డూ మీకు పంపిస్తాను.

ఇక కొండ ఎక్కించొచ్చా?

జెన్_98_నెల్లూరు
వారం పది రోజులు ఊళ్ళో తిప్పి, పొద్దున్నే నీళ్ళ మట్టం చూసుకుంటూ ఉండండి. అంగుళం కూడా తగ్గకపోతే వెళ్ళండి. తగ్గితే మాత్రం నా మాట గుర్తు చేసుకోండి.

ఆటోనగర్_బాషా
నేనూ అదే చెప్తాను. వెళ్ళేముందు ఫ్యాన్ బెల్టు చూడండి, పగుళ్ళు ఉంటే మార్చి పాతది డిక్కీలో పడెయ్యండి. వాటర్ బాడీ పుల్లీని పట్టుకుని ఊపండి, ఆట ఉంటే బేరింగు అయిపోయినట్టు. దాని కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి గానీ ఎండిపోయిన కూలెంట్ మరక గానీ ఉంటే సీలు కారుతోంది. మీ బండి వయసుకి హోస్ పైపులు కూడా కొత్తవి వేసుకోవడం మంచిది, చివర్లో క్లిప్పు కింద ఉబ్బి మెత్తబడ్డాయేమో చూడండి.

ఘాట్‌లో ఏసీ కట్టెయ్యండి. గేరు పెద్దదిలో పెట్టి ఇంజన్‌ని మూలిగించొద్దు. సెకండులోనో థర్డులోనో ఆర్‌పీఎం కొంచెం మీదుంటే వాటర్ బాడీ కూడా వేగంగా తిరుగుతుంది, నీళ్ళు బాగా పారతాయి. ముల్లు లేస్తుంటే జాగా చూసి పక్కకి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఫ్యాన్‌ని పని చెయ్యనివ్వండి. ఆవిరి వచ్చినా, నీళ్ళు కారినా మాత్రం వెంటనే ఆపెయ్యాలి. వేడి హెడ్ మీద చల్లటి నీళ్ళు కొట్టొద్దు, పగిలిపోతుంది.

పాలిటెక్నిక్_మాస్టారు
తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తు. అక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. మూత బాగుండటం ఘాట్‌లో ఇంకా ముఖ్యం అనేది అందుకే. 1974లో వచ్చిన రెండో ఘాట్ మీదే ఇప్పుడు ఎక్కేది, 1944 నాటి మొదటి ఘాట్ మీదుగా దిగేది. దిగేటప్పుడు ఇంజన్ చల్లగానే ఉంటుంది, వేడెక్కేవి బ్రేకులు. న్యూట్రల్‌లో వదలకుండా సెకండు గేరులో దిగండి.

క్వాలిస్_కరీంనగర్
ఈ థ్రెడ్‌లోనే నాదీ అడుగుతున్నా, వేరేది పెట్టట్లేదు. 2002 క్వాలిస్ డీజిల్. ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే ముల్లు లేస్తోంది. దీనికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ కాదు కదా, బెల్టు మీద తిరిగేది. ఉల్టా తిరిగే అవకాశమే లేదు. మరి ఏం చూడాలి?

ఆటోనగర్_బాషా
మీదానికి ఫ్యాన్ మధ్యలో విస్కస్ కప్లింగ్ ఉంటుంది. లోపల సిలికాన్ ఆయిల్. వేడెక్కితే అది పట్టుకుని ఫ్యాన్‌ని గట్టిగా తిప్పుతుంది, చల్లగా ఉంటే వదిలేస్తుంది. ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ గాలి రాదు. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో పెట్టుకుని, ఫ్యాన్‌ని చేత్తో ఒక తోపు తొయ్యండి. కాస్త బరువుగా కదిలి వెంటనే ఆగాలి. గిర్రున తిరుగుతూ పోతే కప్లింగ్ పోయినట్టే. దాని మొహం మీద జిడ్డు చారలు ఉన్నాయేమో కూడా చూడండి.

లారీ_కాకినాడ
ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడు తమ్ముడూ. పత్తి సీజన్లో తిరిగిన బండి అయితే అక్కడ దూది, దుమ్ము కలిసి దుప్పటి కప్పినట్టుంటది. బయటికి కనపడదు. ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టాలి, మెల్లగా. ఎక్కువ ప్రెషర్ పెడితే ఫిన్స్ మడతపడతయ్.

క్వాలిస్_కరీంనగర్
సూరీడు దిగాక రెండూ చూశాను. సందులోంచి పత్తి, వేపాకులు దోసెడు వచ్చాయి. కడిగాక కొంచెం మెరుగు. కానీ ఫ్యాన్‌ని తోస్తే మాత్రం ఆగకుండా తిరుగుతోంది, మొహం మీద జిడ్డు కూడా ఉంది. ఆదివారం బెజవాడ వస్తున్నా. కప్లింగ్ ఆటోనగర్లో దొరుకుతుందా?

ఆటోనగర్_బాషా
దొరుకుతుంది. పాతది విప్పి చేత్తో తెచ్చుకోండి, బోల్టుల దూరం చూసి సరిపోయేది ఇస్తారు. కొత్తది ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు సీటు మీద పడుకోబెట్టకండి. బండిలో బిగించి ఉన్నట్టే నిలువుగా ఉంచండి, లేకపోతే వాడకముందే ఆయిల్ కారిపోతుంది.